అంకెలలో దాగిన బొమ్మ

బాలబాలికలారా! నేడు మీ ఇంటిలోని సెల్‌ఫోను చేతబట్టి ఒక్కసారి తెరను తాకినచో, ఎదుటనున్న పువ్వో, పిల్లియో, తాతగారి మొగమో తక్షణమే తెరపై నిలుచుచున్నది. ఆ పని ఎంత సులభమో, దానిని గూర్చి యోచింపకుండుటయు మనకు అంత సులభమైనది. కాని ఈ సౌకర్యము ఒక్కనాడు ఆకాశమునుండి ఊడిపడినది కాదు. 1980 తరువాతి దశకమున, ఇంటిలో బల్లపై నుంచుకొను కంప్యూటరులోనికి ఒక్క రంగుల బొమ్మను చేర్చవలెనన్నచో, కెమెరాను కదలకుండ బిగించి, దీపములను సవరించి, ఒకే బొమ్మను మూడు మారులు చూపి, ఓపికతో కనిపెట్టుకొని యుండవలసి వచ్చెడిది. అంత కష్టమునకు కారణమేమి? ఆ కష్టమును నాటివారు ఏ ఉపాయముచే దాటిరి? వారు దాచిన బొమ్మలు తరువాత ఏమైనవి? ఈ వ్యాసమున తెలిసికొందము.

కంప్యూటరునకు కన్ను లేదు. పువ్వు ఎఱుపో, ఆకు పచ్చనో దానికి తెలియదు. దానికి తెలిసినది అంకె యొక్కటియే. కావున బొమ్మను దానికి చూపవలెనన్న, ముందుగా ఆ బొమ్మను అంకెలుగా మార్చవలెను. ఈ మార్పునకే అంకీకరణమని పేరు. ఈ పనిని మొదట చేసినవారిలో రస్సెల్ కిర్ష్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రసిద్ధుడు. ఆయన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ అను ప్రభుత్వ సంస్థలో పనిచేయుచుండెను. 1957లో ఆయన తన మూడు నెలల కుమారుని ఛాయాచిత్రమును ఒక యంత్రమున నుంచి, ఐదు సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు గల ఆ చిత్రమును అడ్డముగా 176, నిలువుగా 176 భాగములు చేసి, ఒక్కొక్క భాగము వెలుగా, చీకటియా అని కంప్యూటరుచే చదివించెను. మొత్తము 30,976 గడులు! ఆ చిన్ని గడుల నుండి పసివాని మొగము మరల తెరపై ఏర్పడినది. నేడు మనము చూచు కోటానుకోట్ల అంకెల చిత్రములకు ఆ పసివాని బొమ్మ పెద్దన్నగారివంటిది.

బొమ్మ అంకెలగుట ఎట్లు? మన ఇండ్ల ముంగిట ముగ్గు పెట్టు తల్లులను చూడుడు. వారు మొదట వరుసలు తప్పకుండ చుక్కలు పెట్టుదురు. తరువాత గీతలు కలుపుదురు. చుక్కలెన్నియో తెలిసినచో ముగ్గు ఎంతటిదో తెలియును. అంకీకరణమున గూడ మొదటి పని ఇట్టిదే. బొమ్మపై గడుల వల పఱచినట్లు భావించి, అడ్డముగా ఎన్ని గడులు, నిలువుగా ఎన్ని గడులు అని నిర్ణయింపవలెను. రెండవ పని, ఒక్కొక్క గడిలోని వెలుగును కొలిచి అంకె వేయుట. కటిక చీకటికి 0, మిక్కిలి వెలుగునకు 15 అనుకొందము. నడుమ నుండు బూడిద వన్నెలకు 1 నుండి 14 వఱకు అంకెలు వచ్చును. గడులు పెరిగినకొలది బొమ్మ నాజూకగును. వన్నెల అంకెలు పెరిగినకొలది నీడలు మృదువగును. కాని రెండును పెరిగినకొలది దాచవలసిన అంకెలును పెరుగును. ఈ మూడింటి నడుమ పొత్తు కుదుర్చుటయే ఈ విద్యలోని కిటుకు.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న దినములలో ఎనిమిదవ తరగతి పిల్లలచే ఒకనాడు ఒక ఆట ఆడించితిని. ఒక బాలిక గడుల కాగితముపై ఏనుగు బొమ్మ గీసి, గడిగడికి అంకె వ్రాసినది. ఆమె తలుపు వెనుక నిలిచి ఆ అంకెలను వరుసగా చదువుచుండగా, గోడకు తగిలించిన మరియొక గడుల కాగితముపై ఒక బాలుడు పెన్సిలుతో వన్నెలు నింపెను. ఆమె చదువుటలో పొరపాటు లేదు; అతడు నింపుటలో పొరపాటు లేదు. అయినను చివరకు కాగితముపై వచ్చినది నల్లని ఆకాశములో తెల్లని ఏనుగు! “మాస్టారూ, ఐరావతము వచ్చినదండీ!” అని ఒకడు కేకవేయగా తరగతి అంతయు గొల్లుమన్నది. జరిగినదేమనగా, ఆమె 0 అనగా నలుపనుకొన్నది. అతడు 0 అనగా తెలుపనుకొన్నాడు. అంకెలు సరిగానే చేరినవి. అంకెల అర్థము చేరలేదు. ఈ ముచ్చటను జ్ఞాపకమున నుంచుకొనుడు. దీనితో మనకు మరల పని యున్నది.

ఇక ఇంటి కంప్యూటరు సంగతికి వత్తము. అమెరికాలోని కమొడోర్ అను సంస్థ 1985 జూలై 23వ తేదీన న్యూయార్కు నగరమున ‘అమిగా’ అను కంప్యూటరును లోకమునకు చూపినది. తెర కాక దాని వెల 1,295 డాలర్లు. నాటి ఇంటి కంప్యూటర్లు పలువన్నెలను చూపలేకుండగా, అమిగా 4,096 వన్నెలను చూపగలిగెడిది. ఆనాటి సభకు ఆండీ వార్హాల్ అను ప్రఖ్యాత చిత్రకారుడు వచ్చెను. వేదికపై డెబీ హారీ అను గాయనిని కూర్చుండబెట్టి, వీడియో కెమెరాతో ఆమె రూపమును కంప్యూటరులోనికి గ్రహించిరి. వార్హాల్ మౌసును పట్టుకొని ఆ రూపమునకు తనకు నచ్చిన రంగులు పులిమెను. కుంచె లేదు, రంగుగిన్నె లేదు. అయినను చిత్రము సిద్ధమైనది. చూచినవారు చప్పట్లు కొట్టిరి.

వేదికపై చూచుటకు సులభముగా తోచిన ఈ పని ఇంటిలో చేయుట సులభము కాదు. ఎందుకో గ్రహింపవలెనన్న, వీడియో కెమెరా తాను చూచినదానిని ఎట్లు చెప్పునో తెలియవలెను. అది బొమ్మను ఒక్కసారిగా పంపదు. మనము పుటను చదివినట్లు, పైనుండి క్రిందికి, ఒక్కొక్క పంక్తిని ఎడమనుండి కుడికి చదువును. వెలుగు కనబడినచో విద్యుత్తు పెరుగును. చీకటి కనబడినచో తగ్గును. అమెరికా పద్ధతిలో కెమెరా సెకనునకు 60 మారులు ఇట్లు పైనుండి క్రిందికి చదువును. ఒక్కొక్క మారు సుమారు 262 పంక్తులు. అనగా ఒక్క పంక్తిని చదువుటకు పట్టు కాలము సెకనులో పదునైదువేలవ వంతు కన్నను తక్కువ. ఆ లెక్కను మీరే కట్టి చూడుడు.

ఆ ఒక్క పంక్తిని 320 గడులుగా కోసి, గడిగడికి వెలుగు కొలువవలెననుకొందము. అప్పుడు సెకనునకు 50 లక్షలకు పైగా కొలతలు తీయవలసి వచ్చును. అమిగాలోని ప్రధాన గణనయంత్రము, మోటరోలా 68000 అనునది, సెకనునకు సుమారు 71 లక్షల 60 వేల అడుగులు వేయును. ఇది చాలునని మీకు తోచవచ్చును. కాని మెమరీనుండి ఒక్క అంకెను తీయుటకో, అందులో నుంచుటకో దానికి కనీసము నాలుగు అడుగులు పట్టును. అనగా ఇతర పనులన్నియు మానుకొనినను, సెకనునకు 18 లక్షల అంకెలను గూడ ముట్టలేదు. 50 లక్షలెక్కడ, 18 లక్షలెక్కడ! పరుగెత్తు గుఱ్ఱము వెంట కుంటివాడు పోయినట్లుండును.

వేగము చాలనప్పుడు ఏమి చేయవలెను? మరింత వేగము గల యంత్రమును కొనుట ఒక దారి. అది ధనవంతుల దారి. రెండవది ఉపాయపు దారి. మీరు తిరునాళ్ళలో రంగులరాట్నమును చూచియుందురు. అది గిరగిర తిరుగుచుండగా అందులో కూర్చున్నవారి పేర్లన్నియు ఒక్క చుట్టులో వ్రాయుమన్నచో ఎవనికిని సాధ్యము కాదు. కాని వారు స్థానములు మారకుండ అట్లే కూర్చున్నచో, చుట్టునకు ఒక్క పేరు చొప్పున వ్రాసికొనవచ్చును. పది చుట్లు తిరుగుసరికి పది పేర్లును వచ్చును. నెమ్మదిగా పనిచేయు అంకీకరణ పరికరములు సరిగా ఇదే చేసినవి. కెమెరా బొమ్మను పైనుండి క్రిందికి ఒక మారు చదువునప్పుడు, ప్రతి పంక్తిలోను ఒక్క గడిని మాత్రమే కొలుచుకొనును. అనగా ఒక చుట్టునకు ఒక నిలువు వరుస. తరువాతి చుట్టులో దాని ప్రక్క వరుస. ఇట్లు 320 వరుసలు. ఇప్పుడు ఒక్కొక్క పంక్తికి ఒక్క కొలతయే గనుక, దానికి సుమారు 450 అడుగుల వ్యవధి కలదు. గణనయంత్రమునకు తీరిక దొరికినది. చుట్టునకొక వరుస తప్పక దొరికినను, సెకనునకు 60 చుట్ల లెక్కన బొమ్మ పూర్తియగుటకు ఐదు సెకనులకు పైబడును.

రంగులరాట్నపు షరతు ఇక్కడను వర్తించును. అందులోనివారు స్థానములు మారరాదు. కావున బొమ్మ కదలరాదు, కెమెరా కదలరాదు, వెలుగు మారరాదు. పూలకుండి, పుస్తకపు అట్ట, గోడపటము వంటివి చక్కగా వచ్చెడివి. మనుష్యుని బొమ్మ తీయవలెనన్న, అతడు శిలవలె కూర్చుండవలెను. నడుమ తల త్రిప్పినచో ముక్కు ఒక చుట్టున ఒకచోటను, చెవి మరియొక చుట్టున మరియొకచోటను నమోదై, మొగము వంకరపోయెడిది.

ఇంతవఱకు చెప్పినది నలుపు తెలుపుల సంగతి. మరి రంగులు? అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున టోపీకా నగరమున టిమ్ జెనిసన్ అను నతడు స్థాపించిన న్యూటెక్ సంస్థ, అమిగా కొఱకు ‘డిజీ-వ్యూ’ అను చిన్న పరికరమును చేసినది. దాని వెల సుమారు 200 డాలర్లు. దానిని కంప్యూటరు వెనుక, అచ్చు యంత్రమును తగిలించు చోట తగిలించెడివారు. విచిత్రమేమనగా, రంగుల బొమ్మ కొఱకు దానితో వాడుకొనినది నలుపు తెలుపుల కెమెరా! కెమెరా కంటికి ఎదుట ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగుల పలకలు గల ఒక చక్రము నుంచెడివారు. ఎఱ్ఱ పలకను త్రిప్పి ఒకసారి, పచ్చ పలకను త్రిప్పి రెండవసారి, నీలి పలకను త్రిప్పి మూడవసారి బొమ్మను చదివించెడివారు. ఎఱ్ఱ పలక గుండ చూచినప్పుడు మందారపువ్వు వెలుగుగను, దాని ఆకు నలుపుగను కనబడును. పచ్చ పలక గుండ చూచినప్పుడు ఆకు వెలుగును, పువ్వు నల్లబడును. ఈ మూడు కొలతలను కలిపినచో ప్రతి గడిలో ఏ రంగు ఎంత యున్నదో తేలిపోవును. కెమెరాకు రంగులు తెలియకపోయినను, ముమ్మారు అడిగి రంగును రాబట్టుట ఇందలి చమత్కారము.

ఈ చమత్కారము క్రొత్తది కాదు. 1861లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు ఒక రంగుల రిబ్బనును మూడు రంగుల వడపోతల గుండ తీయించిన మూడు ఛాయాచిత్రములను, మూడు దీపయంత్రములతో ఒకే తెరపై ఒకదానిపై నొకటి పడునట్లు చూపించెను. నలుపు తెలుపుల పటములు మూడు కలిసి రంగుల పటమైనవి. మాక్స్‌వెల్ గారి నాడు కంప్యూటరు లేదు, వీడియో లేదు. అయినను ఆయన కనుగొన్న సూత్రము 120 సంవత్సరములకు పైగా గడచిన తరువాత ఒక ఇంటి బల్లపై పనికివచ్చినది. మంచి సూత్రమునకు వార్ధక్యము లేదు.

మూడు కొలతలను తీయుట ఒక ఎత్తు. వానిని దాచి చూపుట మరియొక ఎత్తు. అమిగా తెరపై 320 అడ్డగడులు, 200 నిలువుగడులు, మొత్తము 64,000 గడులు. ఒక్కొక్క రంగునకు 16 మెట్లు. 16ను 16తోను, మరల 16తోను గుణించినచో 4,096 వన్నెలు. కంప్యూటరు 0, 1 అను రెండే గుర్తులతో లెక్కించును. అట్టి ఒక్క గుర్తునకు బిట్టు అని పేరు. పదునారు మెట్లను చెప్పుటకు నాలుగు బిట్లు కావలెను. మూడు రంగులకు పండ్రెండు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక, ఒక్క బొమ్మకు 96,000 బైట్లు కావలెను. మొదటి అమిగాలో ఉన్న మెమరీ అంతయు రెండున్నర లక్షల బైట్లకు కొంచెము ఎక్కువ. అందులో ఇన్నింటిని ఒక్క బొమ్మకే ధారపోయుట ఎట్లు?

దీనికి అమిగాను నిర్మించినవారు ఒక పొదుపు మార్గము కల్పించిరి. దుకాణదారు పద్దు వ్రాయునప్పుడు పై పంక్తిలోని మాటలనే మరల వ్రాయక, ‘సదరు’ అని వ్రాసి, మారినదానిని మాత్రము చేర్చును గదా! అట్లే ఇక్కడ గూడ, ప్రతి గడియు తన ప్రక్కనున్న గడి రంగునే పట్టియుంచుకొని, ఎఱుపు, పచ్చ, నీలములలో ఒక్కదానిని మాత్రము మార్చుకొనును. లేదా ముందుగా ఎంచిపెట్టిన 16 రంగులలో ఒకదానిని తీసికొనును. ఇందులకు ఆఱు బిట్లు చాలును. 96,000 బైట్లు పట్టవలసిన బొమ్మ 48,000 బైట్లలో ఇమిడినది. కాని పొదుపునకు మూల్యము లేకపోదు. నల్లని జుట్టు ప్రక్కనే తెల్లని గోడ యున్నదనుకొనుడు. నలుపునుండి తెలుపునకు పోవుటకు మూడు రంగులును మారవలెను. గడికొక్కటియే మారును గనుక, అంచువద్ద ఒకటి రెండు గడులలో లేని రంగు తొంగిచూచెడిది. నీడలు మెల్లగా మారు బుగ్గలు, ఆకాశము మాత్రము కన్నులపండువుగా వచ్చెడివి.

ఇంత శ్రమపడి చేసిన బొమ్మలను ఫ్లాపీ అను అయస్కాంతపు పలుచని బిళ్ళలపై దాచెడివారు. కాగితపు పటమువలె అంకెలు వెలిసిపోవు, పురుగులు కొట్టవు. నకలు తీసినచో అసలునకు నకలునకు వెండ్రుకవాసి తేడా యుండదు. కావున అంకెల బొమ్మ చిరంజీవి యని అందఱును తలచిరి. ఆ తలపు ఎంతవఱకు నిజమో వార్హాల్ కథయే చెప్పును.

వార్హాల్ 1987లో మరణించెను. ఆయన అమిగాతో చేసిన బొమ్మల ఫ్లాపీలు పిట్స్‌బర్గు నగరములో ఆయన పేర నెలకొన్న మ్యూజియమును చేరినవి. అవి అక్కడ భద్రముగా నుండెను. కాని వానిలో ఏమున్నదో చూచువారు లేరు. 1985 నాటి సభ వీడియోను చూచిన కోరీ ఆర్కేంజెల్ అను కళాకారుడు ఆ ఫ్లాపీలను గూర్చి విచారించెను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు సంఘమువారు పూనుకొని, పాతబడిన ఆ ఫ్లాపీలకు హాని కలుగకుండ వానిపై మిగిలిన అయస్కాంతపు గుర్తులను చదివిరి. అంకెలు దొరకినవి. కాని బొమ్మలు వెంటనే దొరకలేదు! ఏలయన, వార్హాల్ వాడినవి ఇంకను బజారుకు రాని తొలి ప్రోగ్రాములు. అవి అంకెలను ఏ క్రమమున పేర్చినవో తెలిపెడి వివరమేదియు లేదు. మా తరగతి ఏనుగు కథయే ఇక్కడ మరల జరిగినది. అంకెలు చేరినవి, అర్థము చేరలేదు. చివరకు ఆ సంఘమువారు ఆ క్రమమును తామే ఛేదించి, లోకము అంతవఱకు చూడని 28 బొమ్మలను 2014లో వెలికి తెచ్చిరి. సూపు డబ్బా, వీనసు దేవత, వార్హాల్ స్వీయచిత్రము అందులోనివి. ప్రఖ్యాతుడు గనుక ఆయన బొమ్మల కొఱకు ఇంతమంది పాటుపడిరి. మన ఇండ్లలోని బొమ్మల కొఱకు ఎవరు పాటుపడుదురు?

బాలబాలికలారా! నాటి కష్టములేవియు నేడు మీకు లేవు. రంగుల చక్రము త్రిప్పనక్కఱలేదు, శిలవలె కూర్చుండనక్కఱలేదు. మీ సెల్‌ఫోనులో ఎఱుపు, పచ్చ, నీలపు వడపోతలు చిన్ని చిన్ని గడులై కెమెరాలోనే ఇమిడియున్నవి; పొదుపు లెక్కలు మీకు తెలియకయే జరుగుచున్నవి. కాని బొమ్మను నిలుపుకొను బాధ్యత మాత్రము తగ్గలేదు. మీకు ప్రియమైన పటములను ఒక్కచోటనే గాక రెండు మూడు చోట్ల నుంచుడు. నలుగురు వాడు పద్ధతిలోనే దాచుడు. పరికరము మార్చునప్పుడెల్ల వానిని క్రొత్తదానిలోనికి ఎక్కించుడు.

మరియొక మాట. మా తండ్రిగారి పడుచునాటి ఛాయాచిత్రము ఒక్కటే మా ఇంట మిగిలినది. అంచులు పురుగులు కొట్టిన ఆ పటమును మా మనుమడు అంకెలలోనికి మార్చి నాకు చూపినాడు. మొగము తేటగా వచ్చినది. అంగరకాపై మడత గూడ కనబడుచున్నది. కాని మా తండ్రిగారి భుజముపై చేయి వేసి, నవ్వుచు నిలిచిన ఆ రెండవ మనుష్యుడెవరో చెప్పగలవారు నేడు ఒక్కరును లేరు. పటము వెనుక ఆ పేరును ఎవరును వ్రాయలేదు. ఎన్ని లక్షల గడులు చేసినను యంత్రము ఆ పేరును చెప్పలేదు. కావున ఈ సాయంకాలము మీ ఇంటిలోని పాతపటములను తీయుడు. అమ్మమ్మగారి ప్రక్కనో, తాతగారి ప్రక్కనో కూర్చుండి, ఇందులోని వారెవరు, ఏ ఊరు, ఏ సంవత్సరము అని అడిగి వ్రాసికొనుడు. చెప్పువారున్నప్పుడే అడుగవలెను.